వీపున కట్టిన పనిముట్ల పెట్టె

బోథ్, ఆగస్టు 1961

బాపుకు లింగమూర్తి శరణార్థి, దండాలు. ఈ కార్డు వదిన వినకుండా బయటికి పోయి చదివించుకో.

మొన్న అన్న, నేను కుట్టుమిషన్లు బాగుచేయడానికి అంగడికి పోతుంటే వాగు మధ్యలో వరద వచ్చిపడింది. పానాలు, సూదులు, మరలు ఉన్న ఇనుప పెట్టె అన్న వీపుకు తాడుతో కట్టి ఉంది.

"ముడి ఇప్పే అన్నా!" అని మొత్తుకున్నాను.

"గిది పోతే ఏం పట్టుకొని పని జేస్తం రా?" అన్నాడు. ఆఖరుకు ఇప్పబోయాడు గానీ, తడిసిన ముడి రాలేదు. మర్నాడు పెట్టెతోనే దొరికాడు. తాడు కోసి, ఇక్కడే మట్టి చేశాము.

వదినకు నెలలు నిండుతున్నాయి. అన్నకు పని ఎక్కువుందని చెప్పు. కాన్పు కాగానే కబురు పంపు, నేనే వచ్చి చెప్తాను. అప్పటిదాకా ఆమె ముందు ఏడవకు బాపూ. అవ్వ పైలం, జాగ్రత్తగా చూసుకో.