వెనక లైటుకు ఏ బంక

అమ్మాయీ,

లైటు బిగించేదాకా కారు తీయకు. బ్రేకు నొక్కినా వెనక వెలగడం లేదు, ఎవడో ఒకడు వచ్చి గుద్దేస్తాడు. మీ ఆయన కొత్త లైటులోకి నీళ్లు దిగకుండా బాత్‌రూమ్ సందులకు వాడే సిలికాన్ పూశాడు. వద్దంటే "నాకు తెలుసులే మామయ్యా" అన్నాడు. ఏం తెలిసిందో! ఆ పుల్లకంపు బంకలోని ఆమ్లానికి బల్బు హోల్డరు చిలుము పట్టింది. అంతా గీకి శుభ్రం చేశాను. బల్ల మీద నల్ల బ్యూటిల్ రబ్బరు బంక చుట్ట ఉంది. అది గట్టిపడదు, మళ్లీ విప్పుకోవచ్చు. తాడులా సాగదీసి లైటు అంచు చుట్టూ ఒత్తమను. నేనే బిగించేవాణ్ణి, కానీ పాడుచేసినవాడే బాగుచేయాలి.

అయ్యాక నువ్వు బ్రేకు నొక్కు, అతను వెనక నిలబడి చూడాలి. నేనూ మీ అమ్మా అలాగే చూసుకునేవాళ్లం. ఇప్పుడు పెడలుకు కర్ర ఆనించి నేనే వెనక్కి పరిగెత్తుతున్నాను. మీరిద్దరున్నారు, ఆ కర్ర జోలికి పోకండి.