కనెక్టర్‌లో పచ్చ తుప్పు

మంగళవారం, తిరుమణి

కారులో ఇంజిన్ లైటు వెలిగితే, నువ్వే చెడగొట్టావని డ్రైవర్ ఓబుళప్పను పోయిన వారం పని మాన్పించాను. ఈరోజు పావగడ మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. "ఆక్సిజన్ సెన్సర్ బాగుండాది మేడం. దాని హీటర్‌కు కరెంటే పోవడంల్యా." సెన్సర్ వైర్ల కనెక్టర్ విప్పితే లోపలంతా పచ్చ తుప్పు. "ఇంజిన్‌కు నీళ్లు కొట్టించిందెవరు?"

మా ప్లాంటులో సోలార్ ప్యానెళ్లు కడిగే పైపుతో కడగమన్నది నేనే. "వద్దక్కా, వైర్లు చెడిపోతాయి" అని ఓబుళప్ప మొత్తుకున్నాడు.

"డ్రైవరే" అన్నాను.

"అట్లనా! రేపట్నుంచి నా వ్యానుకు రమ్మన్నా వాణ్ణి. ఇంగ వద్దంటాలే. మంచిపని చేసినారు, చెప్పి."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. అతను టీ తెప్పిస్తే తాగి వచ్చాను. నా మాట నమ్మింది నేను చదువుకున్నదాన్ననా, ఓబుళప్ప పేదవాడనా...