ఒక్కరే బిగించుకునే అడ్డు

తమ్ముడూ,

నా తోడికోడలి మొహం చూడక్కర్లేకుండా హాలు మధ్యకి ఒక అడ్డు చేసి పంపరా అంటే, పూలూ లతలూ తొలిచిన అయిదు చెక్క పలకలు పంపావు. సంతోషం. ఆ పూల కంతల్లోంచి ఆవిడ మొహం ఇప్పుడు ఇంకా కళగా కనపడుతోంది.

"ఒక్కరే పది నిమిషాల్లో బిగించుకోవచ్చు" అని కాగితం మీద రాశావు. ఆ ఒక్కరికీ నాలుగు చేతులుండాలని రాయడం మరిచిపోయావు. ఇటు నేను పలక పట్టుకుంటే అటునుంచి ఇంకొకరు స్క్రూ తిప్పాలి. ఏడాదిగా నాతో మాటల్లేని మనిషి, "అక్కా, కాస్త వంచి పట్టుకో" అంది. సాయంత్రం దాకా ఇద్దరం కలిసి నిన్ను తిట్టుకున్నాం.

చివరి పలక ఇంకా గోడకే ఆనించి ఉంది. అదెలా బిగించాలో చూపించడానికి నువ్వేం పరిగెత్తుకు రానక్కర్లేదు.

నీ అక్క