విరిగిన ఇరుసు

అత్తా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీ లెన్సు తీసుకుని, విరిగిన యంత్ర భాగాలు ఎందుకు విరిగాయో తేల్చే మన పనికి మొదటిసారి ఒంటరిగా వెళ్ళాను. మాధవరంలో ఒక ఫ్యాక్టరీ, క్రేను ఇరుసు విరిగింది. అధిక బరువు ఎత్తాడని క్రేను నడిపే సెల్వాన్ని ఉద్యోగంలోంచి తీసేయాలని చూస్తున్నారు. నా రిపోర్టు కోసమే ఆగారు.

బల్ల మీద రెండు ముక్కలున్నాయి. మేనేజరు వాటిని చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఈడ చూడు పాపా, ఎట్ట అతుక్కుంటాదో."

విరిగిన ముఖాలు ఒకదానికొకటి రాసుకుంటే గుర్తులన్నీ చెరిగిపోతాయని నువ్వెన్నిసార్లు చెప్పావు! గొంతు పెంచకూడదని కాన్వెంటులో నేర్చుకున్న నేను, "కలపకండి!" అని అరిచాను. షెడ్డులో అందరూ తిరిగి చూశారు. ఆయన ముక్కలు కింద పెట్టాడు.

లెన్సులో చూస్తే అంచు నుంచి లోపలికి వంపు గీతలు, వరసగా. చాలాకాలంగా కొద్దికొద్దిగా పెరిగిన పగులు అది; సెల్వం ఎత్తిన బరువుకి ఒక్కసారిగా విరిగింది కాదు.

"మీ అత్తయితే మా మాట వినుండేది," అన్నాడు మేనేజరు.

"వినేది సార్. రాసేది మాత్రం ఇదే."

అక్కడే కూర్చుని రాశాను. సంతకం దగ్గరికి వచ్చి తలెత్తాను. సెల్వం తలుపు దగ్గర నిలబడి నా చేతినే చూస్తున్నాడు. మళ్ళీ పెన్ను ఆనించి, నా పేరు పూర్తిగా రాశాను.