నలభై ఒకటో పేజీ

అక్కా,

ఈసారి కబుర్లేం లేవు, సూటిగా చెప్తాను. పరిశోధన మానేస్తున్నానని సోమవారం సార్‌కి కాగితం ఇచ్చేస్తున్నాను. అమ్మకి నువ్వే చెప్పాలి. నాకు మొహం చెల్లదు.

నువ్వు పనిచేసిన బల్ల దగ్గరే మూడేళ్లుగా ఉన్నాను. నువ్వు సైనైడ్‌ని లోహానికి కట్టావు. నా సయాఫైడ్‌లో నత్రజని ఉండాల్సినచోట భాస్వరం ఉంటుంది, అంతేగా తేడా. "మీ అక్క నోట్‌బుక్ ఉందిగా, చూసి చెయ్యమ్మా" అంటారు సార్. చేస్తూనే ఉన్నాను. నువ్వెంత వేడి చేశావో అంతే చేశాను, ఎంతసేపు కలిపావో అంతసేపే కలిపాను. పసుపుగా ఉండాల్సింది సాయంత్రానికల్లా నల్లగా మాడి కూర్చుంటోంది. నిన్నటిది ముప్ఫై ఏడోసారి. సార్ తిట్టినా బాగుండేది. "మీ అక్క చెయ్యి వేరులే" అన్నారు, అదీ ప్రేమగానే. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. నిజం చెప్పనా, ఆ క్షణం నువ్వంటే అసహ్యం వేసింది. నువ్వు నన్నేం చేశావని? నాలో సరుకు లేదక్కా. ఒప్పేసుకుంటే పీడా పోతుంది.

నీ చెల్లి

చిట్టీ,

ఆ కాగితం ఇవ్వకు. ముందు ఇది చదువు.

నా నోట్‌బుక్ ఏ పేజీతో మొదలవుతుందో ఎప్పుడైనా చూశావా? నలభై ఒకటితో. ముందువి యాసిడ్ ఒలికి పాడైపోయాయని సార్‌కి చెప్పాను. అబద్ధం. బ్లేడుతో కోసేశాను. సార్ ఏడాది సెలవులో ఉన్నప్పుడు, ఆయన వచ్చేసరికి గొప్పగా చూపిద్దామని, ఎవరికీ చెప్పకుండా నేను చేసింది నీ భాస్వరమే. నాకూ నల్లగానే మాడింది. పరువు పోతుందని సైనైడ్‌కి మారి పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు తెచ్చి నీ నెత్తిన పెడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. నీకు అసహ్యం వేసిందంటే వెయ్యదూ మరి.

ఆ పేజీలు పారెయ్యడానికి మనసొప్పలేదు. ఈ ఉత్తరంతోపాటు కవర్లో పెట్టాను. ఆఖరిది చూడు. వెలుతురు తగలకుండా సీసాకి నల్ల కాగితం చుట్టి చల్లగా ఉంచితే, పసుపు రెండు రోజులు నిలిచింది. మూడోరోజుకి నాకే ఓపిక చచ్చిపోయింది. సార్‌కి చూపించు. తిట్టేదేదో నన్ను తిట్టమను.

నీ అక్క

అక్కా,

సార్ పేజీలన్నీ తిరగేశారు. "నాతో చెప్తే ఏం పోయేది, పిచ్చిపిల్ల" అని కళ్లద్దాలు తుడుచుకున్నారు. అంతే, తిట్టలేదు.

నల్ల కాగితం చుట్టాను. ఇవాళ్టికి ఐదోరోజు, ఇంకా పసుపే. వచ్చేసిందని గొప్పలు పోను, రేపు పరీక్షిస్తే గానీ తెలీదు. రాకపోయినా ముప్ఫై తొమ్మిదోసారి చేస్తాను.

కొత్త నోట్‌బుక్ తీసుకున్నాను. ముందు నీ పేజీలు అంటించాను. నా మొదటి పేజీకి నలభై ఒకటి అని నంబరు వేశాను.

నీ చెల్లి