వడియాల్లో దాగిన ఎండ

ఆదివారం రాత్రి

సాయంత్రం మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మళ్లీ నోరు పారేసుకున్నాను. డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెడితే వడియాలకు చోటుండదని కిందింటి కడప పెద్దమ్మ అంది. "కరెంటు కోసం కాల్చిన బొగ్గు మళ్లీ వస్తుందా? మీకు వడియాలే ముఖ్యమా?" అని అరిచాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఆ ఎండతోనే పని చేపిచ్చుకుంటాండా కదప్పా!" అని నవ్వింది. నిర్ణయం రేపటికి వాయిదా పడింది.

అయినా రాత్రి అన్నంలోకి వడియాలు పంపింది. నములుతూ ఏదో లోకంలోకి వెళ్లిపోయాను. బొగ్గు కూడా ఎప్పటిదో ఎండేనని మీటింగ్‌లో పంచిన సోలార్ కరపత్రంలో చదివాను. అది పేరుకోవడానికి యుగాలు పట్టింది. ఈ వడియంలోని ఎండ మాత్రం ప్రతి వేసవికీ తిరిగొస్తుంది.

రేపు మీటింగ్‌లో, డాబా తూర్పు గోడవైపు వడియాల చాప పరిచేంత చోటు వదలమని నేనే అడగాలి. అంత చోటు చాలని పెద్దమ్మ ఒప్పుకుంటుందో లేదో... కళ్లు మూస్తే ప్యానెళ్ల పక్కనే తెల్లగా వడియాలు ఆరుతున్నాయి.