స్టీరింగుకి కట్టిన దారం

పెద్దిరాజు బావగారికి నమస్కారం.

ఈ సంగతి ఫోనులో వద్దనిపించి, మీ వైపు వచ్చే ఐసు వ్యాను డ్రైవరు చేత ఉత్తరం పంపుతున్నాను.

పాత కార్లు విప్పే మీ షెడ్డు నుంచి తెచ్చిన రేసింగ్ స్టీరింగును పద్దెనిమిది వేలకు ఆన్‌లైన్‌లో పెట్టాను. నాగశ్రీ అనే ఆవిడ ఎనిమిది వేలకు మించి ఇవ్వనంది. "వాడేసిన సరుక్కి అంత చెప్పడానికి నోరెలా వచ్చిందండీ" అంది. నాకు ఒళ్లు మండి, ఒరిజినలేనని చూపించడానికి వెనక వైపు దగ్గరగా ఫొటో తీసి పంపాను.

అమ్మేముందు అంతా శుభ్రంగా తుడిచెయ్యమని మీరన్నారు, తుడిచాను. వాహనపూజలో కట్టిన పసుపు దారం తెంపడానికి మాత్రం చేతులు రాలేదు. దేవుడిది కదా అని వదిలేశాను.

ఫొటో చూశాక ఆవిడ, "మీరడిగిన పద్దెనిమిదీ ఇస్తానండి. ఆ దారం విప్పకండి. ఆ ముడి నాదే, అన్నవరంలో మా తమ్ముడి కారుకి నేనే కట్టాను" అని మెసేజ్ పెట్టింది. కారులో వెళ్లిన తమ్ముడు రెండు నెలలుగా ఇంటికి రాలేదట.

ఓనరే కారు అమ్ముకుని రైలెక్కాడని మీరు నాతో చెప్పారు. ఆవిడకీ అదే చెప్పాను. "అమ్మేవాడైతే ముందు ఆ దారం విప్పి గోదాట్లో కలిపేవాడండి" అంది.

షెడ్డు అడ్రసు నేనే ఇచ్చాను. రేపు పదింటికి మనుషులతో వస్తోంది. మీరు అక్కడే ఉండండి బావగారూ. లేకపోతే, నేను ఇన్నాళ్లూ మిమ్మల్ని అడగనిదానికి జవాబు దొరికిందనుకుంటాను.

మీ బావమరిది